ఫ్రిజ్ తలుపుకి రెండు చిల్లులు

"అంతా బాగుంది కానీ, ఈ రెండు చిల్లులూ పూడ్చలేదేం?" పాత ఫ్రిజ్‌కి భార్య వేసిన పసుపుపచ్చ రంగు చూసి మురిసిపోతూనే అడిగాడు భర్త.

కొత్తది కొనే స్తోమత లేక, తుప్పంతా ఉప్పుకాగితంతో గీకి, సొట్టల్లో పుట్టీ పెట్టి, రెండు స్ప్రే డబ్బాలతో దాని రూపే మార్చేసింది కోడలు. ఒకప్పుడు గొళ్లెం బిగించిన చిల్లుల్ని మాత్రం ముట్టుకోలేదు.

"పూడ్చను. మీ అమ్మ ఫ్రిజ్‌కి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్న రోజులు మర్చిపోయారా? పచ్చి బాలింతని, గ్లాసుడు పాల కోసం ఆవిడ వెనకాలే తిరిగాను. తలుపు తీసినప్పుడల్లా ఆవిడని చూసుకోనివ్వండి."

"ఇప్పుడు ఆవిడకి ఒంట్లో ఓపిక లేదే. పోనిద్దూ."

"అప్పుడు నాకుందా?"

ఇంతలో అత్తగారు గోడ పట్టుకుని మెల్లగా వంటింట్లోకి వచ్చింది. తలుపు తీయబోయి, ఆ చిల్లులు కంటపడగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమ్మాయ్, కాసిని చల్లటి నీళ్లు తీసుకోనా?"

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ కోడల్ని ఏదీ అడిగి ఎరగదు. 'మీ ఇంట్లో మీరు అడగడమేమిటి అత్తయ్యా' అన్న మాట కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ, ఒక మనిషి తనని అడిగి తీసుకోవడంలో ఇంత రుచి ఉందా! ఆ రుచిని అత్తగారు అన్నాళ్లూ ఎందుకు వదులుకోలేకపోయిందో ఆమెకి మొదటిసారి అర్థమైంది.

అర్థమయ్యాక కూడా, అత్తగారు రెండోసారి అడిగేదాకా ఆమె పలకలేదు.