మాట్లాడనిదాని బయోడేటా

ఒకటో తరగతిలో మెడలో వేసిన బిళ్ళ పదేళ్లూ మా మాటలు విని, పదో తరగతి అవగానే మా బయోడేటా తనే రాసేస్తుంది. దాని మీద వేలిముద్ర పడితే ఇక మారదు.

నాది ఈరోజు మా ఊరి సచివాలయంలో తెర మీదికి వచ్చింది. 'రోజుకు పంతొమ్మిది మాటలు. నైపుణ్యాలు లేవు. తగిన పని: రొయ్యల షెడ్డులో వొలుపు.'

మూడేళ్లుగా బడి బోరు మోటారు పాడైనప్పుడల్లా విప్పి బాగుచేస్తున్నది నేనే. మాట్లాడకుండా చేశాను కాబట్టి బిళ్ళకు తెలియలేదు. నాకు మోటార్ల పనే కావాలి.

"ఏలెట్టేయే హైమా, ఎనకాల జనం ఉన్నారు," అంది కంప్యూటర్ దగ్గరి గున్నమ్మక్క.

"ఏలెట్టను."

"ఓలమ్మ! నీకు నోరుందేటే?"

వెనక అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. చెయ్యి మాత్రం వెనక్కే పెట్టుకున్నాను.

"ఎట్టకపోతే 'మాట వినదు' అని ఎక్కేస్తాదే. అది సూసి పనెవుడిస్తాడు?"

"ఎక్కనీ అక్కా. అందులో నేను సేసిన పనంటూ అదొక్కటైనా ఉంటాది."

'మాట వినదు' అన్న అక్షరాలు తెర మీద పడ్డాయి. వరుసలో చివరివాళ్లకు కూడా వినపడేలా వాటిని నేనే పైకి చదివాను.