నాలుగు తర్వాత ఆరు

తెరమీద చిలుక తన ఈకలు లెక్కపెట్టుకుంది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు!"

బొమ్మల సినిమా చూస్తున్న పిల్లలంతా హాల్లో గొల్లున నవ్వారు. ఏడేళ్ల రుత్విక్ కుర్చీలో ఎగిరెగిరి నవ్వాడు. వాడి తల్లి దీప మాత్రం నవ్వలేదు. పాప్‌కార్న్ పొట్లం చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆ తప్పు లెక్క ఆమెది.

చిన్నప్పుడు ఎంత నేర్పినా దీపకు నాలుగు తర్వాత ఆరే వచ్చేది. నాన్న ఆగయ్య ఆ తప్పును తీసుకెళ్లి తన కథలో చిలుకకు పెట్టాడు. బొగ్గుగనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, గోదావరిఖనిలోని క్వార్టర్ వరండాలో మంచం మీద వాలి ఆ కథ చెప్పేవాడు. భూమి అడుగున ఒక అడవి నిద్రపోతుంటుంది. దాని రంగులన్నీ చీకటిరాజు దోచుకుపోయాడు. వాటిని తిరిగి తేవడానికి ఒక చిన్నపిల్ల చిలుకను భుజానెక్కించుకుని గనిలోకి దిగుతుంది.

"ఇది మన ఇంటి కథ బిడ్డా. బయట చెప్పకు," అనేవాడు.

ఆరేళ్లపాటు నస్పూర్ గనికి బదిలీ అయినప్పుడు వారానికి ఒక్కరోజే ఇంటికొచ్చేవాడు. ఆ ఒక్కరోజూ కథ మానలేదు. తిరిగొచ్చాక కూడా సెలవు రోజుల్లో డ్యూటీకి పోయేవాడు. తన చదువు కోసమే ఒళ్లు హూనం చేసుకున్నాడని దీప అందరికీ చెప్పుకునేది.

ఇప్పుడు ఆ అడవి తెరమీద మేలుకుంటోంది. నల్లని ఆకుల మీదికి మోదుగుపూల ఎరుపు పాకింది. వెనకే నెమలిమెడ నీలం. నాన్న మాటల్లో విన్నదానికన్నా ఎంతో అందంగా ఉంది. ఆ అందమే ఆమెను మరీ కోసింది.

ఆఖర్న పేర్లు పడ్డాయి. కథ, దర్శకత్వం సహస్ర. ఆమె ఎవరో దీపకు తెలియదు. ఆగయ్య పేరు ఎక్కడా లేదు. బొమ్మలకు రంగులు వేసినవాళ్ల వరసలో మాత్రం తెలిసిన పేరు ఒకటి కనిపించింది. ప్రశాంత్.

పక్క క్వార్టర్ ప్రశాంత్. తోడబుట్టినవాళ్లు లేని దీప చిన్నప్పటినుంచి రాఖీ కడుతున్న ప్రశాంత్. ఆ వరండాలో ఆమె పక్కన కూర్చుని కథ విన్నది వాడొక్కడే.

హాలు బయటికి రాగానే ఫోన్ చేసింది.

"మా నాయన కథ ఎంతకు అమ్మినవ్ రా?"

"అక్కా, నేను చెప్పలే. నేను ఆఫీసుల చేరకముందే కథంత రాసి ఉన్నది. చూసి నేనే పరేషానైన."

"మరి చిలుక లెక్క? అది సుత ముందే రాసి ఉన్నదా?"

"ఉన్నదక్కా. ఒట్టు."

"ఇగ నన్ను అక్కా అనకు."

ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. భార్య పోయినప్పటినుంచి ఆగయ్య కూతురి దగ్గరే ఉంటున్నాడు.

"పోనియ్ బిడ్డా," అన్నాడాయన. "ఎవలు చెప్తే ఏంది? పిల్లలు నవ్విన్రు గద."

ఎంత మంచి మనిషి, అనుకుంది దీప. ఏడుపొచ్చింది ఆమెకు.

రాఖీ పున్నమికి ప్రశాంత్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. దీప తలుపు తీయలేదు. వాడు వరండాలో గంటసేపు నిలబడ్డాడు. "పెద్దనాయనా, నువ్వన్న చెప్పరాదే," అని కిటికీలోంచి బతిమాలాడు. లోపల కుర్చీలో ఆగయ్య తల వంచుకుని కూర్చున్నాడు. వాడు మిఠాయి డబ్బా గడప మీద పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నవంబర్‌లో, బాలల దినోత్సవం రోజున, సెంటినరీ కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆ సినిమా ఉచితంగా వేస్తున్నారని తెలిసింది. దర్శకురాలు కూడా వస్తుందట.

"నాయనా, పోదాం పా. అందరి ముంగట నీ పేరు చెప్పిస్త."

"నాకు కూసుండ చాతకాదు బిడ్డా. నువ్వు పోయిరా."

"ఆటో తెచ్చిన. నువ్వు లేకుంటే ఎవలు నమ్ముతరు?"

కొత్త చొక్కా తనే తొడిగింది. హాల్లో వెనక వరసలో కూర్చుంటానన్నాడు. దీప వినలేదు. చెయ్యి పట్టుకుని ముందు వరసకు తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

సినిమా అయిపోయింది. లైట్లు వెలిగాయి. సహస్ర వేదిక మీదికొచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయేమో. సన్నగా, కళ్లజోడుతో ఉంది.

"ఈ కథతోనే నేను పెరిగిన," అంది మైకులో. "నా చిన్నతనమంత ఈ చిలుకనే."

దీపకు ఒళ్లు మండిపోయింది. లేచి వెళ్లి, పిల్లలు ప్రశ్నలడగడానికి పెట్టిన మైకు అందుకుంది.

"అబద్ధం! ఈ కథ మా నాయనది. ఇరవై తొమ్మిదేండ్లు బొగ్గుబాయిల పని చేసిండు. నా కోసం అల్లిన కథ ఇది. ఆ చిలుక లెక్క నాది. అంత దొంగతనం చేసి, ఆయన పేరన్న ఎయ్యకపోతిరి!"

దీప తండ్రి దగ్గరికి వెళ్లింది. ఆయన లేవలేదు. రెండు భుజాలూ పట్టి లేపి, వేదిక వైపు తిప్పి నిలబెట్టింది.

"చూడు. ఈయన మొఖం చూసి చెప్పు, ఈ కథ ఎవలదో!"

సహస్ర చూసింది. ఆమె చేతిలోని మైకు నెమ్మదిగా కిందికి దిగింది. వేదిక మెట్లు దిగి, వరసల మధ్య నడుచుకుంటూ వచ్చి ఆగయ్య ఎదుట ఆగింది.

"రానంటివి గద నాయనా," అని ఆయన చెయ్యి పట్టుకుని, దీప వైపు తిరిగి, "ఈమె ఎవలు?" అని అడిగింది.