పెన్సిల్ అచ్చు

"ఎవరిది బేటా ఈ కారు?"

బానెట్ కింద తల దూర్చి ఉన్న రాజేందర్ ఉలిక్కిపడ్డాడు.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, అతని రేకుల షెడ్డు ముందు ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. చంకలో గొడుగు, చేతిలో గుడ్డసంచి, అరిగిన చెప్పులు.

ఆగి చూసేవాళ్లు రోజూ ఉంటారు. ఈయన మాత్రం నంబరు ప్లేటు చదువుతున్నాడు.

"నాదే సార్," అనేసి నాలుక కరుచుకున్నాడు రాజేందర్.

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. అది యాభై ఆరు నాటి మోరిస్ మైనర్, ఇంగ్లండ్ బండి. గన్‌ఫౌండ్రీలో కూలగొడుతున్న పాత ఇంటి షెడ్డులో, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న స్థితిలో దొరికింది. కూలగొట్టేవాళ్ల దగ్గరే కొన్నాడు. రెండేళ్లుగా పొద్దున్నే దానికి సేవ చేసి, పదింటికి అబిడ్స్‌లో కళ్లద్దాలు బిగించే పనికి పరుగెడతాడు.

సీటు కింద దొరికిన ఆర్సీ బుక్కులో ఓనరు పేరు ఎస్. రూఫస్ అని ఉంది. ఆయన సంతకం లేనిదే కారు రాజేందర్ పేరు మీదికి రాదు, రోడ్డెక్కదు. ఆ కాలంలో ఇంగ్లండ్ కారు కొన్నవాడంటే సూటూ బూటూ వేసిన దొరే అయి ఉంటాడనీ, ఎప్పుడో పోయే ఉంటాడనీ రాజేందర్ అనుకున్నాడు. ఆయన వారసులెవరైనా వచ్చి మా కారు మాకిచ్చెయ్ అంటే?

సంతకం పెట్టేవాళ్లు రావాలి, హక్కు అడిగేవాళ్లు రాకూడదు. రాజేందర్‌కు కావలసింది అంతే.

"నీ పేరేంది?" అన్నాడు ముసలాయన.

అసలు పేరు చెప్పబుద్ధి కాలేదు; ఎదురుగా టైలరు బోర్డు మీద ఓ పేరు కనిపించింది.

"శ్యామ్‌సుందర్."

"తుక్కుకు ఇయ్యవు గద?"

"ప్రాణం పోయినా ఇయ్య సార్. హెడ్‌లైటు రింగు కోసం జుమ్మేరాత్ బజార్ పాతసామాన్లల్ల ఏడు వారాలు తిరిగిన."

ముసలాయన నవ్వి, ఎడమ తలుపు దగ్గరికి వెళ్లాడు. అది రాజేందర్‌కే స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలిస్తే గానీ రాదు. ఆయన హ్యాండిల్‌ను కొంచెం పైకెత్తి, మోకాలితో ఒకసారి నెట్టి లాగాడు. తలుపు వచ్చేసింది.

రాజేందర్ గబుక్కున బానెట్ దించేశాడు. కారు సంగతి తెలిసినవాడు! నాంపల్లి కోర్టు చుట్టూ తిరిగే బ్రోకరే అయి ఉంటాడు. వారసులు పంపి ఉంటారు.

మర్నాడు పొద్దున అతను వచ్చేసరికి ముసలాయన బానెట్ ఎత్తి వంగి ఉన్నాడు. చాసిస్ నంబరు రేకు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుతున్నాడు. అంకెలు ఒక్కొక్కటే కాగితం మీద తేలుతున్నాయి.

"ఏం జేస్తున్రు సార్?"

"నంబరు అచ్చు కావాలె బేటా. రేపు కాగితాలన్నీ తెస్త. కూసోని మాట్లాడుకుందాం."

ఇంకేం మాట్లాడతాడు, కేసే! మధ్యాహ్నానికల్లా కారుకు తాడు కట్టించి, కాచిగూడలో తోడల్లుడి ఇంటి వెనక్కి లాగించేశాడు రాజేందర్. పక్కనున్న జిరాక్స్ దుకాణం కమలతో, "అక్కా, శ్యామ్‌సుందర్ అని ఎవరడిగినా ఊరికి పోయిండని చెప్పు," అన్నాడు.

ముసలాయన వరసగా మూడు రోజులు వచ్చాడు. ఎండలో మెట్టు మీద కూర్చుని వెళ్లాడు.

నాలుగో రోజు కమల ఫోన్ చేసింది.

"తమ్మీ, గా పెద్దాయన కవరిచ్చిండు. శ్యామ్‌సుందర్ చేతికే ఇయ్యమన్నడు. ఒకటే దగ్గు. ఇగ రాలేనన్నడు."

"ముట్టకు అక్కా! నోటీసు గది."

"ముట్టిన గదా!"

"అయితే గాడనే పెట్టు. నేను తీసుకోను."

నోటీసు చేతికి తీసుకోకపోతే అందనట్టేనని అతని గట్టి నమ్మకం. కవరు కమల సొరుగులోనే ఉండిపోయింది.

నెల గడిచింది. కారు ముదురాకుపచ్చ రంగులో మెరిసింది. ఇంజను తొలి దగ్గుకే అందుకుంది. ఎడమ తలుపు కూడా కొత్త బందులతో ఇప్పుడు వేలు తగిలితే చాలు వస్తోంది. రాజేందర్‌కు మాత్రం అన్నం సహించడం లేదు. గేటు ముందు ఏ బండి ఆగినా చొక్కా తడిసిపోతోంది.

ఒకరోజు ఆర్టీవో ఏజెంటు శశికిరణ్ ఫోన్ చేశాడు.

"అన్నా, రూఫస్ సార్ ఆచూకీ దొరికింది. అబిడ్స్‌ల చర్చి రిజిస్టర్ల ఉంది పేరు."

"ఉన్నడా?" అన్నాడు రాజేందర్.

"పోయి పది రోజులైంది. పెండ్లాం ముందే పోయింది, పిల్లల్లేరు. ఇగ సంతకం సంగతి మర్చిపో."

పది రోజులు! పది రోజుల ముందు దొరికి ఉంటే కాళ్లు పట్టుకునైనా సంతకం పెట్టించుకునేవాడు. రాజేందర్ కారు పక్కనే చతికిలబడి ఏడ్చాడు.

సాయంత్రం కమల దుకాణానికి వెళ్లాడు.

"ఇగ నోటీసైతేంది, ఏదైతేంది. ఇయ్యి అక్కా."

కవరు చించాడు. అందులో నోటీసు లేదు. నాలుగు మడతల్లో కారు పేరు మార్పిడి ఫారం ఉంది. చాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు దానికి శ్రద్ధగా అతికించి ఉంది. గుండుసూదితో ఓ చీటీ.

"బేటా, మా పాత ఇంటితోపాటే తుక్కుకు పోయిందని రెండేళ్లుగా దుఃఖపడ్డాను. నీ చేతుల్లో బతికింది, సంతోషం. హాయిగా నడుపుకో. ఆ ఎడమ తలుపు మాత్రం బాగుచేయకు. మా ఆవిడ కోసం నలభై ఏళ్లు అట్లాగే తెరిచాను."

రాజేందర్ ఫారాన్ని పూర్తిగా విప్పాడు.

అమ్మినవారు అన్నచోట ఎస్. రూఫస్ అని సంతకం ఉంది. కొన్నవారు అన్నచోట ఆయనే గుండ్రటి అక్షరాలతో, చెరిగిపోని సిరాతో రాసిపెట్టాడు, శ్యామ్‌సుందర్ అని.