దిష్టిచుక్క లేని బొమ్మ

కాకినాడలో ఇప్పుడు ఏ ఇంటి తెరగోడ మీదైనా పొద్దున్నే కంపెనీ పంపే కొత్త బొమ్మ దానంతటదే వస్తుంది. వరహాలమ్మ గోడకి వచ్చేవి మాత్రం కూతురు వేదమణి గీసినవే. ఆ పిల్ల గోదారి మడ అడవుల్లో పడవ మీదే ఉంటూ నీళ్లనీ బురదనీ కొంగల్నీ గీసి పంపుతుంది. అక్కడ ఫోన్లు పలకవు, కంపెనీ ఇచ్చిన బొమ్మల పెట్టె ఒక్కటే పనిచేస్తుంది. అందుకే ప్రతి బొమ్మలో ఓ మూల నల్లటి దిష్టిచుక్క పెట్టమని తల్లి ఒట్టేయించుకుంది. చుక్క కనబడితేనే ఆవిడ పొయ్యి వెలిగిస్తుంది.

ఇవాళ బొమ్మలో ఖాళీ పడవ ఉంది, చుక్క లేదు. కొంగుతో గోడ తుడిచి తుడిచి వెతికింది.

"మర్చిపోయుంటుందే," అన్నాడు మొగుడు. "మొన్న గాలివానకీ ఇలాగే ఏడ్చావు. మర్నాడు చుక్కతో సహా బొమ్మ రాలేదూ?"

"అది అన్నం తినడం మర్చిపోద్ది గానీ చుక్క మర్చిపోదండీ."

బొమ్మలు పంపే కంపెనీకి ఫోన్ చేసి చుక్కేదని అడిగింది.

"ఆ మరకాండీ?" అందో తియ్యటి గొంతు. "గాలివాన దగ్గర్నుంచీ మా మిషనే గీస్తోందండి. అచ్చం మీ అమ్మాయిగారి చెయ్యే. ఆ మరక కూడా పెట్టేస్తుంటే ఇవాళ సరిచేశాం."

"మరి మా పిల్లేదమ్మా?"

"ఆవిడ పడవ జాడ తెలీడం లేదండి. మీరేం కంగారుపడకండి, బొమ్మలు మాత్రం ఆగవు."

మొగుడు ఏమైందని అడుగుతున్నాడు. వరహాలమ్మ కాటుక తీసి, బొమ్మలోని ఖాళీ పడవ పక్కన వేలితో చుక్క పెట్టింది. గోడ దాన్ని మరకనుకుని తుడిచేసింది.