రైలు బుట్ట

"ముందు ఏది విప్పుతావే?" అన్నాడు అన్నయ్య, ల్యాబ్‌లో బల్ల మీద బుట్టలు దించి నడుం పట్టుకుంటూ.

చెల్లెలు లారీ బుట్టను ముందుకు లాక్కుంది. టమాటాలు లారీలో వస్తే మేలా, రైల్లోనా, పడవలోనా అని ఈ కాపంతా ఆమె పరిశోధన. ప్రతి బుట్ట అడుగునా కుదుపులు కొలిచే మీటరు ఉంది. పడవ ఎప్పుడో వెనకబడింది. అది ఒడ్డుకు చేరేసరికి టమాటాలు పులుసుకి తప్ప పనికిరావు. లారీ, రైలూ మాత్రం నువ్వా నేనా అన్నట్టున్నాయి. ఈ ఆఖరి లోడే తేల్చాలి. ఇందులో ఒక్క బుట్ట రాకపోయినా పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరేనని ప్రొఫెసర్ ముందే బెదిరించాడు.

ఆమె ఏది మేలంటే దానికే సరుకు ఇస్తామంది రైతుల సంఘం. లారీ చూస్తే సొంత అన్నయ్యది. అయినా అతను ఏనాడూ వంక పెట్టలేదు. ఇవాళ రైలు బుట్ట కూడా, "దారేగా, నీకెందుకు శ్రమ" అంటూ స్టేషన్ నుంచి తనే తెచ్చిపెట్టాడు.

లారీ బుట్టలో అడుగు వరస నలిగింది. రైలు బుట్టలో ఒక్క కాయకీ గీత పడలేదు. మీటరు చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"రైలే గెలిచింది అన్నయ్యా."

అతను ఆ బుట్టకేసి చూసి, పకపకా నవ్వాడు.

"నవ్వుతావేంటి? సంఘం సరుకు పోతే లారీ అమ్ముకోవడమేనని వదిన అంటోంది."

"మీ వదిన అన్నీ ముందే అంటుంది. నువ్వు రాసెయ్."

"ఇంకోసారి చూస్తానని చెప్పనా?"

"కాపు అయిపోయింది కదే. మళ్లీ ఏడాదిదాకా కూర్చుంటావా? అన్న కోసం చెల్లి లెక్క మార్చిందని నలుగురూ అంటే నేను తట్టుకోలేను."

ఆమె ఏడుస్తూనే రాసింది. సంఘం మెచ్చుకుంది. ఆ నెలలోనే లారీకి బేరం కుదిరింది. తన నిజాయితీకి అన్నయ్య బలయ్యాడని ఆమెకు అన్నం సయించలేదు. లోపలెక్కడో కాస్త గర్వంగానూ ఉంది. అందుకు మరీ సిగ్గేసింది.

కొత్త కాపులో మొదటి సరుకు ఎక్కించడం చూద్దామని తోటల దగ్గరి స్టేషన్‌కి వెళ్తే, పార్శిల్ గుమాస్తా ఎదురొచ్చి దణ్ణం పెట్టాడు.

"పోయిన కాపు ఆఖరి లోడు రోజు మావాళ్ల తప్పు పైకి చెప్పకుండా కాపాడారమ్మా."

"ఏం తప్పు?"

"మీ బుట్ట వదిలేసి రైలు వెళ్లిపోతే, మీ అన్నయ్యే లారీలో పక్కసీటు మీద పెట్టుకుని తీసుకెళ్లారు కదమ్మా!"