సుజాత గారి గొంతు

“సుజాత గారూ, ఇదే ఆఖరి అవకాశం. ఏడింటిలోగా వాయిస్ మెసేజ్‌లో జవాబు చెప్పకపోతే గ్రూపులోంచి తీసేస్తాను.”

అది చదివి సుజాత గారు మీసం కొరుక్కున్నాడు.

సుజాత గారంటే మరెవరో కాదు, జగ్గయ్యపేట ప్రేమదాసు. మెసేజ్ పెట్టింది ముందు గదిలో కూర్చున్న అతని సొంత భార్య రోజారమణి. ‘డీఎస్సీకి చదువుదాం - మహిళలకు మాత్రమే’ అని ఆవిడొక వాట్సాప్ గ్రూపు నడుపుతోంది. పొద్దస్తమానం ఫోన్ చూసుకుని నవ్వుకునే పెళ్ళాం ఎవరితో కబుర్లాడుతోందో కనిపెడదామని, మంచం మీద పడున్న ఆవిడ ఫోన్లో గ్రూపు లింకు చూసి, కొత్త సిమ్ కొని ఆడపేరుతో అందులో దూరాడు ప్రేమదాసు. తీరా దూరాక కబుర్లు లేవు, రోజూ ప్రశ్నలే! జవాబు చెప్పనివాళ్ళకు అక్కడ చోటు లేదు. దాంతో రెండుసార్లు డీఎస్సీ తప్పి, ఇక పుస్తకం ముట్టనని ఒట్టేసుకున్న మనిషి పెళ్ళాం గుట్టు కోసం దొంగచాటుగా మళ్ళీ పుస్తకాలు పట్టాడు. రాయమంటే రాసేవాడే. ఇప్పుడు ఆడగొంతు ఎక్కణ్ణుంచి తేవాలి?

మిగతావాళ్ళు అప్పుడే చెప్పేశారు. పెనుగంచిప్రోలు రాజ్యశ్రీ గొంతు ముసలమ్మలా వణికింది. నందిగామ సింధూర బడిపిల్లలా గడగడా అప్పజెప్పింది. గొంతులెలా ఉంటేనేం, వాళ్ళకు ఉన్నాయి కదా అని ఏడుపొచ్చింది ప్రేమదాసుకి.

పిల్లిలా పెరట్లోకి వెళ్ళాడు. వాళ్ళమ్మ ఆరోగ్యమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

“అమ్మా, నేను గొణిగింది గొణిగినట్టు ఈ ఫోన్లో గట్టిగా అనవే.”

“దేనికిరా?”

“నా కాపురం నిలబడాలంటే అను. ‘పియాజే చెప్పిన పిల్లల వికాస దశలు నాలుగు.’”

“పియాజే ఎవర్రా? కొత్తగా వచ్చిన పాస్టరు గారా?”

“అమ్మా! ఏడవుతోందే!”

కొడుకు మొహం చూసి ఆవిడకు జాలేసింది. అతను చెవిలో ఊదుతుంటే ఇంద్రియ చాలక దశ, పూర్వ ప్రచాలక దశ, మూర్త, అమూర్త అంటూ నాలుగూ గట్టెక్కించింది. అమ్మయ్య అనుకుని అతను బటన్ మీంచి వేలు తీయబోయేలోగా ఇంకో ముక్క కూడా చేర్చింది.

“అయిపోయినట్టేనా దాసూ? మీ ఆవిడకి తెలిస్తే నన్నేసుకుంటదిరోయ్!”

మెసేజ్ వెళ్ళిపోయింది. దాన్ని తుడిచేయబోతుండగానే, ముందు గదిలో ఫోన్లోంచి ఆరోగ్యమ్మ గొంతు ఖంగున మోగింది. “అయిపోయినట్టేనా దాసూ?”

మరుక్షణం పెరటి గుమ్మంలో రోజారమణి నిలబడింది.

“భలే చెప్పారు సుజాత గారూ!”

దొరికిపోయిన దొంగకు పౌరుషం ఎక్కువ. “ఎవరితో నవ్వుతున్నావో తెలుసుకుందామనే చేరా. తప్పా?” అని గయ్యిమన్నాడు ప్రేమదాసు.

“తెలిసిందా మరి?”

“లేదు.”

“పియాజే తెలిశాడా?”

“తెలిశాడు,” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“అంతే చాలండి. ఇన్నాళ్ళ టెస్టుల్లో సుజాతే ఫస్టు. చదవమని నేను కాళ్ళావేళ్ళా పడితే విన్నారా? ఈసారైనా మీ పేరుతో అప్లికేషన్ పెట్టండి. లింకు కనబడేలా ఫోన్ మంచం మీద పడేసింది ఊరికే కాదు.”

ఫస్టు అన్న మాటకు ప్రేమదాసు లోపల్లోపల పొంగిపోయాడు. కానీ వెంటనే గ్రూపు గుర్తొచ్చి తల పట్టుకున్నాడు.

“నా పరువు గంగలో కలిసింది కదే! మా అమ్మ మాటలు విని అంతమంది ఆడవాళ్ళు ఎంత నవ్వుకుంటున్నారో!”

“ఏ ఆడవాళ్ళండీ?” రోజారమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆ గ్రూపులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మిగతా అందరూ మీలాగే కాపలాకొచ్చిన మా ఫ్రెండ్స్ మొగుళ్ళు!”