ప్రహరీ అవతలి మనిషి

తెల్లవారేసరికి ఆమె మళ్లీ వచ్చి ఉంది.

ముఖమంతా కొంగు చుట్టుకుని, కళ్లు మాత్రమే కనిపిస్తూ, ప్రహరీ అవతల నిలబడి ఇంటి చూరుకేసి చూస్తోంది. చేతిలో పొడవాటి వెదురు కర్ర.

"ఎవరు నువ్వు? ఏం గావాల?" రూపశ్రీ గుమ్మంలోంచే అడిగింది.

"సూరు కింద కందిరీగలు గూడు పెడతా ఉండాయమ్మా. కొట్టేసి పోతా."

రూపశ్రీ కేసి తిరిగి అడిగింది.

"నిన్నెప్పుడైనా కుట్టినాయా?"

ఈ మామిడితోపు ఇంట్లో దిగినప్పటి నుంచి ఇదే వరస. ఎప్పుడొచ్చినా అదే ప్రశ్న. లేదనగానే కళ్లు మూసుకుని దండం పెట్టేది. అది చూస్తే రూపశ్రీకి ఒళ్లు జలదరించేది.

భర్త ధనంజయ బయటికొచ్చాడు.

"మంత్రాలు పెడతా ఉండావా? ఇంకోసారి ఈడ కనబడితే పోలీసోళ్లకు పట్టిస్తా. పో!"

ఆమె తోపులోకి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

చూరు కింద గూడు మాత్రం పెరిగింది.

ఓ మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తీస్తుంటే రూపశ్రీని మెడ మీద ఒక్క కందిరీగ కుట్టింది. ముఖం ఉబ్బింది. ఊపిరి అందలేదు. చిత్తూరు ఆసుపత్రికి చేరేసరికి స్పృహ లేదు.

సూదిమందు పడ్డాక ప్రాణం నిలిచింది.

పలమనేరు నుంచి పరుగున వచ్చిన తల్లి భారతమ్మను డాక్టరు అడిగాడు.

"ఈ అలర్జీ కొన్ని కుటుంబాల్లో కనిపిస్తుందమ్మా. మీకు గానీ, వాళ్ల నాన్నకు గానీ ఉందా?"

"లేదు సార్. ఆయన తేనెపట్లు పిండేటోడు. ఎన్ని కుట్టినా ఏమీ అయ్యేది కాదు."

అని భారతమ్మ తల దించుకుంది.

మర్నాడు ముగ్గురూ ఇల్లు చేరేసరికి తోపు కాపలా మునస్వామి ఎదురొచ్చాడు.

"అమ్మకు కందిరీగ కుట్టిందని తెలిసి, ఆ ముసిలామె పొద్దున్నే ఏడస్తా వచ్చిందయ్యా. 'నన్ను కుట్టినా పానం పోతాది, మా నాయన అట్నే పోయినాడు' అంటానే గూడు కొట్టేసింది. వద్దంటే యాడ ఇంటుంది?"

చూరు కింద, రాలిన గూడు పక్కన ఆమె ఊపిరి లేకుండా పడి ఉంది. కొంగు జారిపోయింది.

నిన్న ఆసుపత్రి అద్దంలో రూపశ్రీ చూసుకున్న ఉబ్బిన ముఖం అదే.

"ఎవరమ్మా ఈమె?" అంది రూపశ్రీ.

భారతమ్మ ఆ కాళ్ల దగ్గర కూలబడింది.

"ఎవురికీ చెప్పనని ఒట్టేసి, పురిట్లోనే నిన్ను నా ఒళ్లో పెట్టి పోయిన మీయమ్మ, పాపా."